పార్శ్వపు నొప్పియు ముట్లుడుగు ప్రాయమును

రాజ్యములకు చరిత్ర కలదు, కోటలకు చరిత్ర కలదు, వంశములకు చరిత్ర కలదు. తలనొప్పికి చరిత్ర యేమని పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. కాని ప్రతి వ్యాధికిని రెండు చరిత్రలుండును. ఒకటి ఆ వ్యాధి నడక. అది వేల యేండ్లుగా నించుమించు మాఱకయే యున్నది. రెండవది ఆ వ్యాధిని గూర్చి మనుష్యులు తలచిన తలపులును, ఆ తలపులను బట్టి చేసిన చేతలును. ఈ రెండవ చరిత్ర కాలముతో మాఱుచు వచ్చినది. అందు మంచి చేతలును గలవు, క్రూరమైన చేతలును గలవు. నేను నేడు చెప్పబూనినది ఈ రెండవ చరిత్రయే. గ్రామములందలి పెద్దలకే దీనిని విశేషించి చెప్పవలయునని నా కోరిక. ఏల యన్న సంగతి ముందు తెలియగలదు.

మనవారు పార్శ్వపు నొప్పి యనునది మీరెఱుగుదురు. తలలో నొకవైపున సుత్తితో మోదినట్లు పోటు పొడుచును. కడుపులో త్రిప్పును. వెలుతురు చూడజాలరు, రోలు రోకలి చప్పుడు సైతము వినజాలరు. వాంతియైనప్పుడు పసరు పడుటచేత దీనిని పైత్యపు తలనొప్పి యని యనుటయు గలదు. కొన్ని గడియలు మొదలు మూడు దినముల వఱకు బాధించి, తనంతట తానే పోవును, మరల వచ్చును. చిన్నతనమున బాలురకును బాలికలకును ఇది సమానముగనే యుండును. ఈడేరిన పిమ్మట మాత్రము పురుషులకంటె స్త్రీలలో నించుమించు మూడు రెట్లు ఎక్కువ. నలువది యేండ్లు దాటి, ముట్లు క్రమము తప్పి, ఒక నెల ముందుగను ఒక నెల వెనుకగను వచ్చుచుండు సంధికాలమున అనేక స్త్రీలకు ఈ నొప్పి మఱింత విజృంభించును. మన దేశమున ముట్లుడుగుట సగటున 46 యేండ్ల ప్రాంతమున జరుగుచుండును గనుక, అత్తయై, యింటి భారమంతయు మోయుచున్న వయస్సుననే యామెను ఈ బాధ పట్టుకొనుచున్నదన్నమాట.

మన పూర్వులు దీని నెఱుగకపోలేదు. సుశ్రుతసంహితలోని యుత్తరతంత్రమున శిరోరోగములు పదునొకండు చెప్పబడినవి. వానిలో అర్ధావభేదకమనునది తల సగమును చీల్చునట్టి నొప్పి. అది పక్షమునకొకమాఱు గాని పది దినములకొకమాఱు గాని వచ్చునని సుశ్రుతుడు వ్రాసెను. పక్షమునకో మాసమునకో ప్రకోపించి తనంతట తానే శమించునని వాగ్భటుడు వ్రాసెను. ఈ నొప్పికి నెల లెక్క తెలియునని యా మహావైద్యులు గుర్తించిరి. స్త్రీల రజస్సు పండ్రెండవ యేట మొదలై యేబదవ యేట క్షయించునని సుశ్రుతుడే మఱియొక స్థానమున చెప్పెను. కాని ఈ రెండు లెక్కలును వేఱువేఱు ప్రకరణములందుండిపోయినవి.

పడమటి దేశములలో గ్రీకు వైద్యుడైన గేలెన్ ఈ నొప్పిని సగము తల యను నర్థము వచ్చునట్లు హెమిక్రేనియా యనెను. ఆ మాటయే అరిగి అరిగి నేటి మైగ్రేన్ అయినది. మన అర్ధావభేదకమున నున్న భావమే దానియందును గలదు.

పేరు దొరికినంత మాత్రమున మందు దొరకదు. 17వ శతాబ్దమున ఇంగ్లండులో ఆన్ కాన్వే యను విదుషీమణి యుండెను. ఆమె 1631లో జన్మించినది. పండ్రెండవ యేట జ్వరము వచ్చి తగ్గిన పిమ్మట తలనొప్పి యారంభమై, జీవితాంతము విడువలేదు. రక్తప్రసరణమును లోకమునకు తెలిపిన హార్వే యామెకు వైద్యము చేసెను. మెదడును గూర్చి గొప్ప గ్రంథములు వ్రాసిన విల్లిస్ చూచెను. పాదరసము ఇచ్చిరి. 1656లో పారిసు నగరమునకు గొనిపోయి తల యెముకకు రంధ్రము చేయింప దలచి, తుదకు రక్తనాళములు కోసి నెత్తురు తీయించిరి. 1666లో, చేయి తాకించి రోగములు మాన్పునని పేరుగాంచిన యొకనిని ఐర్లండు నుండి రప్పించిరి. ఏదియు ఫలింపలేదు. ఆమె 1679లో, నలువదియేడవ యేట మరణించెను. ఇంత బాధలోను ఆమె తత్త్వశాస్త్ర గ్రంథమొకటి వ్రాసెను. అది యామె మరణానంతరము 1690లో అచ్చయినది. తలనొప్పి గలవారు సోమరులనియు పని తప్పించుకొనువారనియు దలచువారు ఈ స్త్రీని జ్ఞాపకముంచుకొనవలయును.

ఇక నేను చెప్పవలసిన క్రూరమైన యధ్యాయము 19వ శతాబ్దమునకు చెందినది. అప్పటికి ముట్లుడుగుటకు ఫ్రెంచి వైద్యుడైన గార్డాన్ మెనోపాజ్ అను పేరు పెట్టియుండెను. స్త్రీల నరముల బాధలన్నిటికిని అండాశయములే మూలమను తలంపు వైద్యులలో ప్రబలెను. 1872వ సంవత్సరము ఆగస్టు నెలలో, అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, రోమ్ అను పట్టణమున, రాబర్ట్ బ్యాటీ యను శస్త్రవైద్యుడు ఒక యువతి యండాశయములను రెంటిని కోసి తీసివేసెను. ముట్లను బలవంతముగా నిలిపివేసినచో వానితో వచ్చు బాధలును నిలిచిపోవునని యాతని యూహ. ఈ శస్త్రచికిత్స యాతని పేరనే వ్యాపించి, సముద్రము దాటి ఐరోపాకును ప్రాకెను. ఎందఱో స్త్రీలు రోగము లేని యవయవములను పోగొట్టుకొనిరి. శతాబ్దము ముగియుసరికి వైద్యులే దీనిని గర్హించి విడిచిపెట్టిరి.

అండాశయము చేయు పని యంతయు నప్పటికి ఎవ్వరికిని తెలియదు. 1896లో వియన్నా నగరమున క్నావర్ అను వైద్యుడు కుందేళ్ల యండాశయములను తీసి, వానినే శరీరమున వేఱొకచోట నంటుగట్టి చూచెను. అంటు బ్రతికినచో గర్భాశయము కృశింపలేదు. అనగా అండాశయము రక్తములోనికి ఏదో యొక రసమును విడుచుచున్నదని తేలెను. అట్టి రసములకు 1905లో హార్మోనులని పేరు వచ్చెను. 1923లో అమెరికాలో ఆలెన్, డాయిజీ యనువారు ఈ రసపు గుణమును నిరూపించిరి. 1929లో దానియందొక పదార్థము శుద్ధరూపమున చేతికి దొరకెను. ఈ జాతి రసములను నేడు ఈస్ట్రోజెను లనుచున్నాము.

బ్యాటీ కత్తిపట్టిన నూఱేండ్లకు, సరిగా 1972లో, ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు బ్రయన్ సోమర్విల్ తన పరీక్షల ఫలితమును ప్రకటించెను. ముట్టు సమయమున తప్పక పార్శ్వపు నొప్పి వచ్చు కొలదిమంది స్త్రీలకు, ముట్టుకు ముందు ఈస్ట్రోజెను సూదిమందు నిచ్చెను. ముట్టు వేళకే వచ్చెను. నొప్పి మాత్రము రక్తములో ఆ రసము దిగజాఱు వఱకు ఆగి, కొన్ని దినములు ఆలస్యముగా వచ్చెను. అంతకుముందు ప్రొజెస్టిరోను అను రెండవ రసమును ఇచ్చి చూడగా, ముట్టు వెనుకబడినది గాని నొప్పి వేళకే వచ్చినది. కనుక నొప్పికి కారణము నెత్తురు పోవుట కాదు, ఈస్ట్రోజెను ఒక్కసారిగా పడిపోవుటయే యని స్పష్టమయ్యెను. సుశ్రుతుని రెండు లెక్కలును ఇచ్చట కలిసినవి.

దీనిని మన చెఱువుతో పోల్చి చెప్పెదను. చెఱువున నీరు నిండుగా నున్నను కట్టకు బాధ లేదు, నిలకడగా తక్కువయున్నను బాధ లేదు. నీరు హఠాత్తుగా దిగినప్పుడే కట్ట లోపలివైపు జాఱును. యౌవనమున ఈ రసము నెలకొకమాఱు లెక్కప్రకారము దిగును. ముట్లుడుగు సంధికాలమున లెక్క తప్పి, ఒకప్పుడు పొంగి, ఒకప్పుడు ఇగిరి, తలను మాటిమాటికిని కలత పెట్టును. పూర్తిగా ముట్లుడిగిన పిమ్మట నీరు తక్కువ మట్టమున నిలకడ చెందును. అప్పుడు పెక్కుమందికి నొప్పి తగ్గుముఖము పట్టును. అండాశయములను కోసి తీయుట యన్ననో, చెఱువుకు గండి కొట్టుటయే. అందువలననే సహజముగా ముట్లుడిగినవారికంటె శస్త్రముచేత ముట్లుడిగినవారికి పార్శ్వపు నొప్పి హెచ్చుట తఱచుగా కనబడుచున్నది. బ్యాటీ యే బాధను మాన్పదలచెనో ఆ జాతి బాధనే పెంచినవాడయ్యెను.

ఇది యెక్కడనో అమెరికాలో ముగిసిన కథయని యూరకుండుటకు వీలులేదు. 2015–16 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 యేండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశమంతటను నూటికి 3.2 మంది యుండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది యుండిరి. దేశములో ఈ రెండు రాష్ట్రములే ముందున్నవి. మా పెత్తల్లి యొకతె. ఆమెకు ముప్పదియెనిమిదవ యేట, ముట్టు ఎక్కువగా పోవుచున్నదని, ఒక పట్టణపు నర్సింగు హోములో గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసివేసిరి. అండాశయముల సంగతి యామెకు ఎవ్వరును చెప్పలేదు. కాగితము చదివి చూచిన పిమ్మట మేమే తెలిసికొంటిమి. అంతకుముందు రెండు మూడు నెలలకొకమాఱు వచ్చు పార్శ్వపు నొప్పి, ఆ పిమ్మట వారమునకొకమాఱు రాసాగెను. నుదుట శొంఠి పట్టు వేసి, గుడ్డ బిగించి, గది తలుపులు మూసికొని పడుకొనెడిది. ఇంటిలోనివారు దిష్టి యనిరి, వాతమనిరి, పనియెగవేత యనిరి. సంచి తీసిరి గదా, ఇంక నొప్పి యెక్కడిదని కూడ అనిరి.

గర్భసంచి తీయవలసిన వ్యాధులు లేవని నేననుట లేదు. పుట్టకురుపు గలదు, మందులకు లొంగని రక్తస్రావము గలదు. కాని పిల్లలు చాలును, ఇక సంచి యేల యనుట కారణము కాదు. తలనొప్పి అంతకంటెను కారణము కాదు. అనవసరమైన ఈ శస్త్రములను అరికట్టు మార్గదర్శకములను రాష్ట్రములన్నియు అమలు జరుపవలయునని 2023లో సుప్రీం కోర్టు ఆజ్ఞాపించినది. ఆ యాజ్ఞ గ్రామమునకు చేరుట మీ చేతిలో నున్నది. ఏలయనగా మన పల్లెలలో ఇట్టి నిర్ణయములు రోగియొక్కతె చేయదు. ఇంటి పెద్దలు కూర్చుండి చేయుదురు. గర్భాశయము తీయవలసినదేనా, అండాశయములు ఉంచవచ్చునా, వేఱు వైద్యుడొకడు ఏమనును — ఈ మూడు ప్రశ్నలును అడుగుట పెద్దల విధి.

మందుల చరిత్రయు కొంత చెప్పి ముగించెదను. గింజలకు పట్టు ఎర్గాట్ అను బూజు నుండి 1918లో ఎర్గోటమిను తీయబడెను. కణతల రక్తనాళముల పోటును అది తగ్గించుటను 1938లో గ్రాహం, వోల్ఫ్ అనువారు చూపిరి. 1991లో సుమాట్రిప్టాను వచ్చెను. 2018లో, ఈ నొప్పిని రగిలించు సీజీఆర్‌పీ యను పదార్థము పనిచేయకుండ ఆపు సూదిమందులు వచ్చినవి. నొప్పి రాకుండ దినదినము పుచ్చుకొను మందులును గలవు. కొందఱికి చర్మముపై నంటించు ఈస్ట్రోజెను పట్టీ నిలకడను కలిగించును. కాని గుండెజబ్బు, రక్తపుపోటు, నొప్పికి ముందు కన్నులలో మెఱుపులు కనబడుట గలవారి విషయమున వైద్యుడు విచారించియే యేది యైనను ఇయ్యవలయును. అంగడిలో కొని నెలకు పది పదునైదు దినములు నొప్పి బిళ్లలు మ్రింగినచో ఆ బిళ్లలే తలనొప్పిని తెచ్చిపెట్టును. ఏబదియేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా తలనొప్పి మొదలైనను, పిడుగుపడినట్లు ఒక్కసారిగా వచ్చినను, మాట తడబడినను, కాలుసేయి పడినను, అది పార్శ్వపు నొప్పియని యింట నుంచుకొనక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలయును.

వీనికంటె ముందు చేయదగిన చవుక పని యొకటి గలదు. గోడనున్న క్యాలెండరులో ముట్టు వచ్చిన దినమున నొక గుర్తును, నొప్పి వచ్చిన దినమున వేఱొక గుర్తును పెట్టించుడు. మూడు నెలల గుర్తులు చూపినచో వైద్యునకు సగము పని తీఱును. వేళకు భోజనము, వేళకు నిద్ర యామెకు దక్కునట్లు చూడుడు. ఉపవాసములును రాత్రి జాగరములును ఈ నొప్పిని పిలుచుకొని వచ్చును.

ఈ చరిత్రలో రాజులు లేరు, యుద్ధములు లేవు. నొప్పి వచ్చిన స్త్రీ తనకేమి యగుచున్నదో చెప్పుటయు, వినవలసినవారు వేఱుగా వినుటయు రెండువేల యేండ్లు సాగినవి. ఇకమీద మీ యింట నొక యిల్లాలు తలుపు మూసికొని చీకటిలో పడుకొన్ననాడు, ఆమె మాటను నమ్ముడు. అంతకంటె ముందు చేయవలసిన వైద్యము లేదు.