దశ: చంద్రకళల నుంచి మందుల పరీక్షల దాకా

దశ అంటే మారుతూ ఉండే వస్తువు ఒకానొక సమయంలో ఉన్న ఘట్టం, లేదా అది దాల్చిన ప్రత్యేక రూపం. ఖగోళశాస్త్రంలో దీన్ని కళ అంటారు, రసాయనశాస్త్రంలో ప్రావస్థ అంటారు, కరెంటు విషయంలో ఫేజు అంటారు, ఎన్నికల్లో విడత అంటారు. రంగాలు వేరైనా వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. వస్తువు ఒక్కదాన్నే చూసి దాని దశ చెప్పలేం. చంద్రుడి కళకు సూర్యుడూ భూమీ కావాలి. నీటి ప్రావస్థకు ఉష్ణోగ్రత, పీడనం తెలియాలి. ఒక తరంగం ఏ దశలో ఉందో మరో తరంగం పక్కన పెడితేనే అర్థమవుతుంది. ఇలాంటి సంబంధాలను మనిషి ఒక్కొక్కటిగా కొలవడం నేర్చుకున్న క్రమమే ఈ భావన చరిత్ర.

ఆకాశంలో

గ్రహణ సమయం తప్పిస్తే చంద్రగోళంలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. ఆ వెలుగు సగంలో ఎంత భాగం భూమి వైపు తిరిగి ఉందన్నదాన్ని బట్టి కళ ఏర్పడుతుంది. భూమి నీడ పడటం వల్లే చంద్రుడు చిక్కిపోతాడని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ నీడ పడేది చంద్రగ్రహణంలో మాత్రమే. చంద్రుడిది అరువు వెలుగేనని క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గ్రీకు తాత్వికుడు అనక్సాగరస్ చెప్పాడు. గ్రహణాలకు నీడలే కారణమని భారతదేశంలో ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో వివరించాడు.

అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు పడుతుంది. పంచాంగం ఈ వ్యవధిని 30 తిథులుగా విభజించింది. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. చంద్రుడి వేగం ఒకే తీరున ఉండదు కాబట్టి తిథి ఒకసారి 19 గంటలకే ముగుస్తుంది, మరోసారి 26 గంటలదాకా సాగుతుంది. అందుకే కొన్ని తిథులు ఒక్క సూర్యోదయాన్నీ అందుకోకుండానే వెళ్లిపోతాయి. కొన్ని రెండు సూర్యోదయాలకూ నిలిచి ఉంటాయి. రోజును గడియారంతో కాక కోణంతో కొలవడంలో ఉన్న విశేషం ఇది.

కళలు చంద్రుడికే పరిమితం కాదని 1610 చివర్లో తేలింది. గెలీలియో తన దూరదర్శినిలో శుక్రగ్రహాన్ని నెలల తరబడి గమనించాడు. చిన్నగా, దాదాపు గుండ్రంగా కనబడిన శుక్రుడు క్రమంగా పెద్దదై నెలవంకగా మారాడు. భూమి చుట్టూ శుక్రుడు తిరుగుతాడన్న టోలెమీ నమూనాలో ఆ గ్రహం ఎప్పుడూ భూమికీ సూర్యుడికీ నడుమనే ఉంటుంది. అలాంటప్పుడు దాదాపు పూర్తిగా వెలిగిన శుక్రబింబం కనబడే వీల్లేదు. ఆ బింబం కనబడిందంటే శుక్రుడు సూర్యుడి అవతలికి వెళ్లి వస్తున్నట్టే. శతాబ్దాలుగా నమ్మిన విశ్వరూపాన్ని ఒక గ్రహపు కళలు ఇలా కదిలించాయి.

పదార్థంలో

మంచు, నీరు, ఆవిరి ఒకే పదార్థపు మూడు రూపాలని మనిషికి ఎప్పటినుంచో తెలుసు. ఏ రూపం ఎప్పుడు ఉంటుందో చెప్పే నియమం మాత్రం 1870ల దాకా లేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసయా విల్లార్డ్ గిబ్స్ 1876, 1878లలో రెండు భాగాలుగా వెలువరించిన సుదీర్ఘ పత్రంలో ప్రావస్థా నియమాన్ని ఇచ్చాడు. ఒక వ్యవస్థలో ఎన్ని అంశాలున్నాయి, ఎన్ని ప్రావస్థలున్నాయి అన్నది తెలిస్తే, అందులో మన ఇష్టానికి మార్చగల పరిస్థితులెన్నో ఆ నియమం లెక్కగట్టి చెబుతుంది.

వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ఈ నియమం ప్రకారమే పనిచేస్తుంది. లోపల నీరూ ఆవిరీ కలిసి ఉన్నంతసేపూ పీడనం ఎంతో తేలిపోతే ఉష్ణోగ్రత కూడా తేలిపోతుంది. పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపైతే నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలిచేది ఒకే ఒక్కచోట. 0.01 డిగ్రీల సెల్సియస్, వాతావరణ పీడనంలో సుమారు 165వ వంతు. దీన్నే త్రిక బిందువు అంటారు.

ఘనపదార్థాల్లోనూ ప్రావస్థలు మారతాయి. ఇనుము 912 డిగ్రీల దగ్గర కరగకుండానే తన పరమాణువుల అమరికను మార్చుకుంటుంది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన కొడవలిని గబుక్కున నీళ్లలో ముంచినప్పుడు కర్బనానికి బయటపడే వ్యవధి చాలదు. అది ఇనుములోనే చిక్కుకుని గట్టి ప్రావస్థ ఏర్పడుతుంది. అదే ఉక్కును నిదానంగా చల్లారిస్తే మెత్తగా మిగులుతుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు ఊట్జ్ ఉక్కుకు పేరుమోసిన ఊరు. అక్కడి పనివారు మూసల్లో ఇనుమును కర్బనంతో కరిగించి మెల్లగా చల్లార్చేవారు. గిబ్స్ నియమం పుట్టకముందే వాళ్ల చేతులకు ప్రావస్థల మర్మం తెలుసు. ఇనుము, కర్బనాల ప్రావస్థా చిత్రాన్ని డచ్చి రసాయనవేత్త రూజ్‌బూమ్ గిబ్స్ నియమం ఆధారంగా 1900లో గీశాడు.

తీగల్లో

ఏకాంతర విద్యుత్తు మన దేశంలో సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తిచేస్తుంది. అంటే ఒక్కో ఆవృత్తానికి 20 మిల్లీసెకన్లు. త్రీఫేజు లైనులో మూడు తీగల్లోని కరెంటు ఒకదాని వెనుక ఒకటి మూడోవంతు ఆవృత్తం, అంటే 120 డిగ్రీల తేడాతో నడుస్తుంది. ఒక ఫేజులో శక్తి తగ్గేసరికి ఇంకోదానిలో పెరుగుతుంది. మొత్తం మీద మోటారుకు అందే శక్తి ఎగుడుదిగుడులు లేకుండా ఉంటుంది. మూడు ఫేజులూ కలిసి అయస్కాంత క్షేత్రాన్ని గుండ్రంగా తిప్పుతాయి కాబట్టి మోటారు తనంతట తానే కదలడం మొదలుపెడుతుంది. ఈ విధానాన్ని లోకానికి రుజువు చేసింది జర్మనీ. 1891లో లౌఫెన్ జలవిద్యుత్ కేంద్రం నుంచి 175 కిలోమీటర్ల దూరంలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు త్రీఫేజు కరెంటు పంపారు. దాని వెనుక ప్రధాన ఇంజనీరు డొలివో డొబ్రొవోల్‌స్కీ.

తెలుగు పల్లెల్లో ఫేజుకు ఉన్న విలువ బోరు మోటారు నడిపే ప్రతి రైతుకూ తెలుసు. మూడింటిలో ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగలపై భారం పడుతుంది, చుట్టలు వేడెక్కి మోటారు కాలిపోతుంది. పంట నీళ్లకోసం ఎదురుచూస్తున్న వేళ కాలిన చుట్టలను మళ్లీ చుట్టించే రివైండింగ్ ఖర్చు రైతును కుంగదీస్తుంది.

కాంతిలో

మన కంటికి వెలుగు హెచ్చుతగ్గులు తెలుస్తాయి, దశ తెలియదు. జీవకణాలు దాదాపు పారదర్శకాలు. వాటిగుండా వచ్చిన కాంతి పెద్దగా మసకబారదు, కొద్దిగా వెనకబడుతుంది. ఆ వెనకబాటును వెలుగునీడలుగా మార్చే సూక్ష్మదర్శినిని 1930లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికే రూపొందించి 1953లో నోబెల్ అందుకున్నాడు. కణవిభజనలోని దశలను జర్మన్ జీవశాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ 1882లోనే వర్ణించాడు. ఆయన ప్రధానంగా ఆధారపడింది రంగు పట్టించిన కణాల మీద. జెర్నికే పరికరంతో బతికున్న కణం విభజన చెందడాన్ని రంగు లేకుండానే చూడగలిగారు.

కాంతి దశ పరిశోధనలో భారతీయుల పాలు కూడా ఉంది. బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో 22 ఏళ్ల శివరామకృష్ణన్ పంచరత్నం 1956లో ధ్రువణ కాంతిపై పరిశోధిస్తూ ఒక విశేషం కనుగొన్నాడు. కాంతి ధ్రువణం వరుసగా మారి మళ్లీ మొదటి స్థితికే వచ్చినా, దాని దశలో కొంత మార్పు మిగిలిపోతుంది. 1984లో భౌతికశాస్త్రవేత్త మైకేల్ బెర్రీ క్వాంటం సిద్ధాంతంలో ఇలాంటి ఫలితాన్నే విడిగా సాధించాడు. పంచరత్నం ముందే దీన్ని చూశాడని శాస్త్రవేత్తలు రామశేషన్, నిత్యానంద 1986లో గుర్తుచేశారు. పంచరత్నం 1969లోనే, 35 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఇప్పుడు ఆ దశకు ఇద్దరి పేర్లూ కలిపే వాడుతున్నారు.

పనుల క్రమంలో

పెద్ద పనులను కూడా దశలుగా చేస్తారు. భారత తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా 68 దశల్లో జరిగాయి. 2024లో దశలు ఏడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నాలుగో దశలో మే 13న ఓటేశాయి.

మందుల పరీక్షల్లో ప్రతి దశకూ ముందుదే ఆధారం కాబట్టి దశల క్రమానికి ప్రాణాల విలువ ఉంది. మొదటి దశ ప్రధానంగా భద్రతను చూస్తుంది, రెండోది మోతాదును, మూడోది వేలమందిలో ఫలితాన్ని. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌ను తొలి దశలో 375 మందిపై, రెండో దశలో 380 మందిపై పరీక్షించారు. 2020 నవంబరులో మొదలైన మూడో దశలో 25,800 మంది పాల్గొన్నారు. ఆ ఫలితాలు రాకముందే 2021 జనవరిలో అత్యవసర అనుమతి దక్కడంపై శాస్త్రవేత్తల్లో గట్టి చర్చ నడిచింది. తర్వాత వచ్చిన ఫలితాల్లో టీకా సామర్థ్యం 77.8 శాతంగా తేలింది.

నాలుగో దశ మందు మార్కెట్లోకి వచ్చాక మొదలవుతుంది. వేలమందిలో కనబడని అరుదైన దుష్ఫలితం లక్షలమంది వాడాకే బయటపడవచ్చు. అలాంటి సమాచారాన్ని దేశవ్యాప్తంగా సేకరించే కార్యక్రమం భారతదేశంలో 2010లో మొదలైంది. 2011 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని సమన్వయపరుస్తోంది. మందు పడక ఇబ్బంది కలిగితే వైద్యులే కాక రోగులు కూడా నేరుగా ఈ కార్యక్రమానికి తెలియజేయవచ్చు.