పైథాన్ డిక్షనరీ: షరతుల వరసకు బదులు ఒక పట్టిక

2024 మార్చిలో తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారింది. పాత బండ్ల మీద టీఎస్ అలాగే ఉంది. నంబరు ప్లేటును బట్టి రాష్ట్రం పేరు చెప్పే ప్రోగ్రామ్‌కు ఇప్పుడు రెండూ తెలియాలి.

పైథాన్ కొత్తగా నేర్చుకునేవారు ఇలాంటి పనికి 'ఇఫ్', 'ఎలిఫ్' షరతులను ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతారు. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలకు కలిపి అది 70 వరుసలు దాటుతుంది. అదే జాబితా ప్రోగ్రామ్‌లో మరో రెండు చోట్ల ఉంటే, ఒక్క కోడ్ మారినా మూడు చోట్ల దిద్దాలి. ఒకటి మరిచిపోతే తప్పు సమాధానం వస్తుంది. మారే సమాచారాన్ని ప్రోగ్రామ్ తర్కంలో కలిపేయడమే ఇక్కడ అసలు చిక్కు. డిక్షనరీ ఆ రెండింటినీ విడదీస్తుంది.

కీ, విలువ

డిక్షనరీ అంటే జతల పట్టిక. ప్రతి జతలో ఒక కీ, దానికి ఒక విలువ ఉంటాయి. పైథాన్ 3 తెలుగు లిపిలోని పేర్లనూ అంగీకరిస్తుంది కాబట్టి ఇలా రాసినా నడుస్తుంది:

రాష్ట్రాలు = {'ఏపీ': 'ఆంధ్రప్రదేశ్', 'టీఎస్': 'తెలంగాణ', 'టీజీ': 'తెలంగాణ', 'కేఏ': 'కర్ణాటక'}

రాష్ట్రాలు['టీజీ'] అని అడిగితే 'తెలంగాణ' వస్తుంది. కొత్త కోడ్ వస్తే ఒక జత చేర్చితే చాలు. ఒకే కీని రెండుసార్లు రాస్తే మాత్రం పైథాన్ హెచ్చరించదు; చివరి విలువే మిగులుతుంది.

వేగం ఎక్కడిది?

లిస్టులో వెతకాలంటే మొదటి నుంచి ఒక్కొక్కటీ పోల్చుకుంటూ రావాలి. డిక్షనరీ అలా కాదు. కీ నుంచి 'హ్యాష్' అనే సంఖ్యను లెక్కగట్టి, దాని సాయంతో విలువ ఉన్న చోటికి వెళ్తుంది. వంద జతలున్నా, పది లక్షలున్నా సగటున పట్టే సమయం దాదాపు ఒకటే. హ్యాష్ మారకూడదు కాబట్టి స్ట్రింగ్, సంఖ్య వంటి మారని వస్తువులే కీలుగా పనికొస్తాయి. లిస్టు పనికిరాదు.

లేని కీని అడిగితే

'కీఎర్రర్' వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. 'గెట్' మెథడ్ వాడితే ఆగకుండా 'నన్' ఇస్తుంది, లేదా మీరు చెప్పిన ప్రత్యామ్నాయ విలువ ఇస్తుంది. అలాగని అన్నిచోట్లా 'గెట్' వాడటం మంచిది కాదు. కీ తప్పనిసరిగా ఉండాల్సిన చోట అది లేకపోతే ప్రోగ్రామ్ ఆగడమే మేలు. లేదంటే తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత తెలియదు.

లెక్కపెట్టడం

ఏ కోడ్‌తో ఎన్ని బండ్లున్నాయో లెక్కించేటప్పుడు, కీ ఉందా లేదా అని ప్రతిసారీ పరీక్షించనక్కర్లేదు. 'గెట్'తో పాత విలువ, అది లేకపోతే 0 తీసుకుని ఒకటి కలిపితే సరిపోతుంది. 'కలెక్షన్స్' మాడ్యూల్‌లోని 'కౌంటర్' ఈ పనిని ఒక్క వరుసలో చేస్తుంది. కీ, విలువ రెండూ కావాల్సిన లూప్‌లో 'ఐటమ్స్' వాడితే మళ్లీ వెతికే పని ఉండదు.

క్రమం, కలయిక

2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి జతలు చేర్చిన క్రమంలోనే ఉంటాయన్న హామీ ఉంది. అక్షరక్రమం కావాలంటే మాత్రం విడిగా అమర్చుకోవాలి. 2020 నాటి 3.9 నుంచి రెండు డిక్షనరీలను | గుర్తుతో కలపవచ్చు; ఒకే కీ రెండింటిలో ఉంటే కుడివైపు విలువ నిలుస్తుంది.

అన్ని షరతులకూ డిక్షనరీ మందు కాదు. ఆదాయ పన్ను శ్లాబుల్లా 'ఇంత నుంచి ఇంత వరకు' అనే లెక్కలకు 'ఇఫ్' నయం. ఒక కీకి ఒకే కచ్చితమైన జవాబు ఉన్నప్పుడే డిక్షనరీ సరిగ్గా సరిపోతుంది.