ద్రాక్షతోటకు పేరు, తాటిచెట్టుకు పన్ను

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పొలం గట్ల మీద తాటిచెట్లు మీకు కనిపిస్తాయి. బాపట్ల వైపు ఇసుక నేలల్లోనూ అవే. ఈ చెట్టు కల్లును ఐరోపావారు తాటి వైన్ అని పిలిచారు. మరి ఫ్రాన్సులో ఒక తోట వైన్‌కు లోకమంతటా పేరు వస్తే, మన కల్లు ఆబ్కారీ లెక్కల్లోనే ఎందుకు మిగిలిపోయింది? ఈ పాఠాన్ని ఆ ప్రశ్నతో చదవండి.

బోర్డో నగరం పక్కన పెస్సాక్‌లో శాటో ఓ బ్రియోన్ అనే తోట ఉంది. 16వ శతాబ్దంలో జాన్ ద పోంటాక్ ఆ ఎస్టేటును కూడబెట్టాడు. 1663లో లండన్ వాసి శామ్యూల్ పెపిస్ ఆ వైన్ రుచిని తన డైరీలో ప్రత్యేకంగా రాసుకున్నాడు. 1666 అగ్నిప్రమాదం తరువాత పోంటాక్ కుటుంబం లండన్‌లోనే ఒక భోజనశాల తెరిచింది. తోట పేరే సరుకు కావడాన్ని ఇక్కడ గమనించండి. 1855 పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు ఎర్ర వైన్లను ఐదు తరగతులు చేసినప్పుడు మొదటి తరగతిలో నాలుగింటికే చోటు దక్కింది. అందులో ఇది ఒకటి. ఆ విభజనకు ప్రధాన ఆధారం చాలా ఏళ్లుగా మార్కెట్టులో పలికిన ధర. విప్లవకాలంలో, 1794లో, యజమాని జోసెఫ్ ద ఫ్యూమెల్ తల గిలొటిన్ కింద తెగింది. తోట చేతులు మారింది, పేరు మాత్రం మారలేదు.

ఎర్ర వైన్ నిలవ ఉండే సరుకు. నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెడతారు కాబట్టి రంగు, వగరు రెండూ తొక్క నుంచి దిగుతాయి. తరువాత ఓక్ పీపాల్లో, ఆపైన సీసాల్లో ఏళ్ల తరబడి ఉంచవచ్చు. కల్లు అలా కాదు. కుండలో పడుతుండగానే పులియడం మొదలవుతుంది, తెల్లవారి దింపింది మర్నాటికి పుల్లబారుతుంది. దాన్ని ఓడ ఎక్కించి లండన్ పంపే వీలు లేదు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ నౌక రేపల్లె దగ్గరి నిజాంపట్నానికి వచ్చింది. వారు వెతికింది ఇక్కడి బట్టలను. చిరివేరుతో అద్దిన ఎరుపుకు ఈ తీరం ప్రసిద్ధి. మన ఎరుపు సముద్రం దాటింది గుడ్డ మీదనే.

అయితే తేడా అంతా ప్రకృతిది కాదు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గీసే ప్రతి చెట్టుకూ పన్ను, అమ్మే దుకాణానికి వేలం. చెట్టు తరచుగా రైతుది, ప్రాణాలకు తెగించి ఎక్కేది గీత కార్మికుడు, దుకాణం పాడుకునేది మరొకరు, రాబడి సర్కారుది. పోంటాక్ కుటుంబంలాగా భూమి, తయారీ, అమ్మకం మూడూ ఒక్క చేతిలో ఉన్న సందర్భం ఇక్కడ అరుదు. నాకు అసలు కారణం ఇదేననిపిస్తుంది.

ఆ రాబడి మీదే జాతీయోద్యమం దెబ్బ తీసింది. సహాయ నిరాకరణ కాలంలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరిగాయి. 1948లో మద్యనిషేధం మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. తాగేవాడి ఇల్లు బాగుపడుతుందన్న వాదన బలమైనదే, కానీ గీసేవాడి ఇల్లు ఏమైంది? కుండకు లోపల సున్నం పూస్తే రసం పులియదు. ఆ నీరాతో తాటిబెల్లం వండుకోమన్నారు. ఆ ఆదాయం కల్లుకు సరితూగలేదు. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపారు. నిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును ప్రకాశం ప్రభుత్వం అంగీకరించలేదు. 1954 నవంబరులో ఆ వివాదం మీదే అవిశ్వాస తీర్మానం నెగ్గి, ఏడాది దాటిన ఆంధ్ర రాష్ట్రపు తొలి మంత్రివర్గం కూలింది. 1955లో ఎన్నికలు వచ్చాయి.