రెండు భాషల బడి: గిడుగు నుంచి నూతన విద్యా విధానం వరకు

బోధనా మాధ్యమంపై ప్రశ్న కనిపించగానే మనలో చాలామంది ‘మాతృభాషా, ఇంగ్లిషా’ అనే వాదనలోకి దిగిపోతాం. చరిత్ర చూస్తే అసలు ప్రశ్న అది కాదని తెలుస్తుంది. పిల్లలు ఏ భాషతో మొదలుపెట్టాలి? రెండో భాషను ఎప్పుడు, ఎలా చేర్చాలి? మీ సమాధానాన్ని ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

వలస పాలనలో

1835లో మెకాలే మినిట్ ప్రభుత్వ మద్దతును ఇంగ్లిషు విద్య వైపు తిప్పింది. 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ ఉన్నత విద్యకు ఇంగ్లిషు, సామాన్యుల విద్యకు దేశభాషలు అంది. కాగితం మీద ఇది ద్విభాషా విధానమే. కానీ పెద్ద ఉద్యోగాలన్నీ ఇంగ్లిషుతో ముడిపడ్డాయి. దాంతో దేశభాష కింది మెట్టుగా మిగిలిపోయింది. 1937లో వార్ధా పథకం మాతృభాషా బోధనను మళ్లీ ముందుకు తెచ్చింది.

గిడుగు చూపిన దారి

గిడుగు వెంకట రామమూర్తి మనకు వ్యావహారిక భాషోద్యమ నేతగానే ఎక్కువగా తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. దీని నుంచి మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది: తెలుగు నేల మీద కూడా అందరి మాతృభాష తెలుగు కాదు. సవర బిడ్డకు తెలుగు మాధ్యమం కూడా పరాయి మాధ్యమమే.

స్వాతంత్ర్యం తర్వాత

1956లో ఏడో సవరణ ద్వారా 350ఎ అధికరణ వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించాలని అది చెబుతుంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, సవర వంటి భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం నడిచింది. మాతృభాషలో మొదలుపెట్టి, క్రమంగా తెలుగుకు, తర్వాత ఇంగ్లిషుకు తీసుకెళ్లడం దాని పద్ధతి. జాతీయ విద్యా విధానం, 2020 కనీసం 5వ తరగతి వరకు, వీలైతే 8వ తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటూనే ద్విభాషా పాఠ్యపుస్తకాలను ప్రోత్సహించింది.

ప్రయోజనం ఎక్కడ?

అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధం ఒకసారి అర్థమైతే, రెండో భాషలో దాన్ని మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. ‘భిన్నం’ అంటే ఏమిటో తెలిసిన పిల్లకు ‘ఫ్రాక్షన్’ ఒక కొత్త మాట మాత్రమే. ఏమీ తెలియని పిల్లకు మాత్రం అది రెట్టింపు బరువు. పాఠం అర్థమైతే ప్రశ్న అడుగుతారు, బడి మానరు.

రెండో వైపు

తల్లిదండ్రులు ఇంగ్లిషు కోరడాన్ని మోజు అని కొట్టిపారేయకండి. కూలి చేసుకునే కుటుంబానికి అది ఉద్యోగానికి దారి. 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలలపై ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దలేదని తీర్పిచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంగ్లిషు మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన ఉత్తర్వులను కొట్టేసింది. రెండూ కలిపి చదవండి: ఏ వైపు నుంచైనా బలవంతం నిలవలేదు.

రెండు భాషలూ తెలిసిన ఉపాధ్యాయులు లేకపోతే విధానం కాగితానికే పరిమితం. మీ ముగింపు అక్కడ ఉండాలి. రేపు మీరు ఏజెన్సీ మండలంలో అధికారిగా వెళ్తే, ఒకటో తరగతి గదిలో పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందు అడగండి.

సాధన ప్రశ్న: ‘మాధ్యమం ఎంపిక కంటే భాషల క్రమమే ముఖ్యం.’ చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.