ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాలా? – ఒక కొలత కథ



బెంగళూరు నగరానికి తూర్పు అంచున మారతహళ్ళి అనే పేట ఉంది. హెచ్.ఏ.ఎల్. పాత విమానాశ్రయం రోడ్డూ, ఔటర్ రింగు రోడ్డూ కలిసే చోటు అది. 2008 మే నెలలో దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచేదాకా నగరానికి వచ్చే ప్రయాణికుల విమానాలు ఈ పేటకు దగ్గరలోనే దిగేవి. హెచ్.ఏ.ఎల్. తయారు చేయగా 1961లో తొలిసారి ఎగిరిన ‘మారుత్’ యుద్ధ విమానం వల్లనే ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్పేవారున్నారు. కాదు, ఆ పేరు అంతకన్నా పాతదనేవారూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, నేడు మారతహళ్ళి వీధుల్లో నడుస్తుంటే కన్నడంతో పాటు తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. హిందూపురం, మదనపల్లె, అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు వెళ్ళిన మన పిల్లలు ఎందరో అక్కడి పీజీ హాస్టళ్ళలో, అద్దె ఇళ్ళలో ఉంటున్నారు.

వీరిలో కొందరికి ఫోటోగ్రఫీ మీద మక్కువ ఎక్కువ. మొదటి జీతాలలో మిగిల్చిన డబ్బుతో ఒక కెమెరా కొంటారు. వారాంతాల్లో స్నేహితుల పెళ్ళిళ్ళకు, పసిపిల్లల పుట్టినరోజులకు ఫోటోలు తీస్తారు. రెండు మూడేళ్ళు గడిచేసరికి ఒక ప్రశ్న తలెత్తుతుంది. ‘ఇది చిన్న ఫ్రేమ్ కెమెరా. దీన్ని అమ్మేసి ఫుల్ ఫ్రేమ్ కెమెరా తీసుకుందామా?’ అని. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు ఈ మాట అర్థం కాదు. ‘ఉన్నది బాగానే ఉంది కదా నాయనా, మళ్ళీ ఇంకొకటి ఎందుకు?’ అంటారు. కంతుల మీద కొనే వస్తువు, ఇంటికి పంపే డబ్బుకు అడ్డం వచ్చే వస్తువు కనుక, ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయడానికి వీలులేదు. దీనికి జవాబు వెతకాలంటే ముందు ‘ఫుల్’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

ఫుల్ ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల కొలత. కెమెరా లోపల వెలుగు వచ్చి పడే చోటు అంత ఉంటుందన్నమాట. ఒకప్పుడు అక్కడ ఫిల్ము ఉండేది, ఇప్పుడు సెన్సర్ అనే పలక ఉంటోంది. ఈ కొలతను నేడు ‘నిండు’ అంటున్నాం గానీ, పుట్టిన నాడు దీన్ని ‘మినియేచర్’, అంటే చిట్టి కొలత అనేవారు. అసలైన పెద్ద కొలత ఎలా ఉండేదో చూడాలంటే మన సరిహద్దు సీమలోకే రావాలి.

1856లో మద్రాసు సైన్యంలోని అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే ఆంగ్ల అధికారి హంపీ శిథిలాల ఫోటోలు తీశాడు. ఆయన వాడిన కాగితపు నెగటివు సుమారు పద్దెనిమిది అంగుళాల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు ఉండేది. నేటి ఫుల్ ఫ్రేమ్‌కు అది రెండు వందల రెట్లకు పైమాటే. ఒక్కొక్క బొమ్మకు కెమెరాను నిమిషాల తరబడి కదలకుండా నిలపవలసి వచ్చేది. అందుకే ఆ చిత్రాల్లో రాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. 1980లలో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్ళీ ఫోటోలు తీశాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఆ మధ్య కాలంలో ఏ స్తంభం పడిపోయిందో, ఏ గోపురం దెబ్బతిన్నదో పరిశోధకులు పోల్చి చూడగలిగారు. రాతి మీద చెక్కిన సన్నని పనిని నిలబెట్టడానికి పెద్ద కొలత ఎంత ఉపకరించిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే కాలంలో లినియస్ ట్రైప్ అనే మరొక సైనికాధికారి 1854 చివర్లో హళేబీడు, బేలూరు ఆలయాలను తీశాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వానికి ఫోటోగ్రాఫరయ్యాడు. బెంగళూరులోనే తన పనికి ఏర్పాట్లు చేసుకున్నాడు. 1858లో తంజావూరు పెద్దగుడి చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, ఇరవై ఒక్క ముద్రణలు అతికించి పంతొమ్మిది అడుగుల పొడవున ఒకే చిత్రంగా కూర్చాడు. ఇంత చేసినా ఆయన ఉద్యోగం నిలవలేదు. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్, ఖజానా ఉన్న స్థితిలో ఇది భరించలేని విలాసమని తేల్చి ఆ పనిని ఆపించాడు. పెద్ద కెమెరా గొప్పదే, కానీ దాన్ని మోసే ఖజానా కూడా ఉండాలి అన్న లెక్క ఆనాటిదే. ఈనాడు మారతహళ్ళిలోని కుర్రవాడి ముందున్నదీ అదే లెక్క.

పెద్ద కెమెరాకు మరొక పరిమితి ఉంది. 1876 నుంచి 1878 దాకా మన ప్రాంతాన్ని ధాత కరువు పీల్చిపిప్పి చేసింది. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు, మైసూరు రాజ్యం అల్లాడిపోయాయి. బెంగళూరులో గంజి కోసం కాచుకున్న జనం బొమ్మ 1877 అక్టోబరులో లండన్ పత్రికలో వచ్చింది. ఆ కరువులో విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలు నేటికీ ఉన్నాయి. ఎముకల గూళ్ళయిన మనుషులను గుంపుగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినట్టు చూడగానే తెలిసిపోతుంది. బండ కెమెరాకు, గాజు పలకకు మనుషులు కదలకూడదు. ఆకలితో ఉన్నవారిని బొమ్మ కోసం అలా కూర్చోబెట్టడం మీద విమర్శలు వచ్చాయి. రాతిని గౌరవించిన పెద్ద కొలత బాధలో ఉన్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ఇలా ఇబ్బందిలో పడింది.

హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ కథ వేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు పొందిన ఆయన కూడా పెద్ద గాజు పలకలతోనే పనిచేశాడు. కానీ తన వృత్తిని పెంచుకోవడానికి ఆయన చేసిన పనుల్లో ఒకటి గమనించండి. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అప్పటిదాకా కెమెరా ముందుకు రాలేనివారికి దారి ఏర్పడింది. తన దగ్గరకు వచ్చేవారికి ఏది కొరతగా ఉందో చూసి అక్కడ డబ్బు పెట్టాడు.

ఇక చిట్టి కొలత సంగతి. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో, లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే పనివాడు ఉండేవాడు. ఆయనకు ఉబ్బసం. బరువైన కెమెరా మోసుకుని కొండలెక్కలేకపోయేవాడు. సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మును తీసుకుని, సినిమా బొమ్మకు రెట్టింపు చోటు ఇచ్చి, 1914 నాటికి ఒక చిన్న కెమెరా చేశాడు. అలా పుట్టిందే 24, 36 కొలత. తర్వాత యుద్ధం, దరిద్రం. 1924లో ఆ కెమెరాను అమ్మకానికి తయారు చేయాలా వద్దా అన్న చర్చ వచ్చింది. అంత చిన్న బొమ్మను ఎవరు కొంటారని సందేహించినవారు ఉన్నారు. యజమాని ఎర్నెస్ట్ లైట్జ్ తయారు చేయాలనే నిర్ణయించాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో ‘లైకా’ పేరుతో అది వెలువడింది. జేబులో పట్టే కెమెరా రావడంతో ఫోటోగ్రాఫరు జనంలో కలిసి నడవగలిగాడు. పత్రికా ఛాయాచిత్రణం తీరే మారింది.

మన ఇళ్ళలో మాత్రం వేరే కెమెరాలుండేవి. పెద్దవారికి ‘ఆగ్ఫా క్లిక్ త్రీ’ డబ్బా కెమెరా గుర్తుండే ఉంటుంది. ఒక చుట్టలో పన్నెండు చదరపు బొమ్మలు వచ్చేవి. ఊటీలో 1960లో స్థాపించి, 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రభుత్వ కర్మాగారం ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారు చేసేది. తర్వాత అది మూతపడింది. ఆ డబ్బా కెమెరా ఫ్రేము వైశాల్యం, నేడు లక్షలు పోసి కొనే ఫుల్ ఫ్రేమ్‌కు మూడున్నర రెట్లు! అయినా దాని లెన్సు సాదాది కనుక ఎండ ఉంటే తప్ప బొమ్మ సరిగా వచ్చేది కాదు. కొలత ఒక్కటే నాణ్యత కాదనడానికి ఇంతకన్నా దగ్గర సాక్ష్యం అక్కరలేదు.

డిజిటల్ కాలంలో ఈ కథ మళ్ళీ మొదటికి వచ్చింది. సిలికాన్ పలక పెద్దదయ్యే కొద్దీ ఒక్కో గుండ్రటి బిళ్ళ నుంచి వచ్చే ముక్కలు తగ్గుతాయి, లోపమున్న ముక్కలు పారేయడంలో నష్టం పెరుగుతుంది. అందుకని 1999లో నికాన్ డీ వన్ వచ్చినప్పుడు సెన్సర్ కొలత 24, 16 మిల్లీమీటర్లకు కొంచెం లోపే ఉంది. పాత 35 మిల్లీమీటర్ల లెన్సులు వాటికి తగిలిస్తే దృశ్యం అంచులు తెగిపోయేవి. అప్పుడే పాత కొలతకు ‘ఫుల్’ అనే గౌరవం దక్కింది. 2002లో కాంటాక్స్, కెనాన్ కంపెనీల ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరాలు వచ్చాయి. 2005లో కెనాన్ ఫైవ్ డీ దాని ధరను కొంత దించింది. చాలాకాలం చిన్న కొలతనే నమ్ముకున్న నికాన్ కూడా 2007లో డీ త్రీతో ఈ దారి పట్టింది. 2013లో సోనీ ఆల్ఫా సెవెన్ అద్దం లేని తేలిక కెమెరాలో ఫుల్ ఫ్రేమ్ పెట్టింది. ఆ తర్వాతే సామాన్య ఉద్యోగి కూడా దీని గురించి ఆలోచించసాగాడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం చిన్న ఫ్రేమ్‌కు సుమారు 2.3 రెట్లు. అంటే అదే వెలుగులో, అదే లెన్సు ద్వారంతో, అంత ఎక్కువ వెలుగు చేరుతుంది. చీకటి మండపంలో ముహూర్తం వేళ బొమ్మలో ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు తగ్గుతాయి. లేపాక్షి నాట్యమండపం పైకప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాలను ఫ్లాష్ లేకుండా, చేతిలో కెమెరా పట్టుకుని తీయాలంటే ఇది నిజమైన మేలు. అయితే ఎఫ్ 2.8 లెన్సు బదులు ఎఫ్ 1.8 లెన్సు వాడినా 2.4 రెట్ల వెలుగు వస్తుంది. జూమ్ సౌకర్యం పోతుంది, అంతే. చిన్న 1.8 లెన్సు ఖర్చు కొత్త కెమెరా ఖర్చులో స్వల్పభాగం.

దూరంగా ఉన్న పక్షిని తీసేవారికి లెక్క తిరగబడుతుంది. హిందూపురం సమీపంలోని వీరాపురానికి ఏటా వచ్చే ఎర్రకాళ్ళ కొంగలను 300 మిల్లీమీటర్ల లెన్సుతో చిన్న ఫ్రేమ్‌లో తీస్తే, ఫుల్ ఫ్రేమ్ మీద 450 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినంత దగ్గరగా కనిపిస్తాయి. ఫుల్ ఫ్రేమ్‌కు మారితే అంత దగ్గరతనం కోసం ఇంకా పొడవైన, ఖరీదైన, బరువైన లెన్సు కావాలి.

పెళ్ళి ఆల్బమ్ సంగతి చూడండి. పన్నెండు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల పొడవు గల ముద్రణకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున 194 లక్షల చుక్కలు చాలు. 240 లక్షల చుక్కల చిన్న ఫ్రేమ్ కెమెరా ఆ పని చేసి ఇంకా మిగులుతుంది. ఆల్బమ్ పేజీ చూసి కెమెరా కొలత పోల్చుకోగల పెళ్ళివారు అరుదు.

ఇక ఖర్చు కెమెరాతో ఆగదు. చిన్న ఫ్రేమ్‌కు చేసిన లెన్సులు ఫుల్ ఫ్రేమ్ మీద నిండుగా పనిచేయవు, వాటినీ మార్చాలి. కనుక కొనేవారు ముందు మూడు పనులు చేయడం మంచిది. ఒకటి, గడిచిన ఏడాది ఫోటోల్లో చెడిపోయినవి తీసి, ఎన్ని వెలుగు చాలక చెడాయో, ఎన్ని తగిన క్షణం తప్పిపోయి చెడాయో లెక్క వేసుకోవాలి. క్షణం తప్పినది కెమెరా మార్చినా దొరకదు. రెండు, బెంగళూరులో రోజు అద్దెకు కెమెరాలు దొరుకుతాయి. రెండు పెళ్ళిళ్ళకు అద్దెకు తెచ్చి, తేడా తమ కంటికే కనబడుతుందో లేదో చూసుకోవాలి. మూడు, ఫోటోల మీద వచ్చే సంపాదనే కంతులు కడుతుందా, లేక ఇంటికి పంపే డబ్బు నుంచి పోతుందా అని నిజాయితీగా ఆలోచించుకోవాలి.

చీకటి మండపాల్లో తరచూ పనిచేసి, ఆ పనిమీదే సంపాదించేవారు ఫుల్ ఫ్రేమ్ కొనడం దుబారా కాదు, అది పనిముట్టు. సరదాకో, తోటివాడి దగ్గర ఉందనో కొనేవారికి మాత్రం అది ట్రెవెల్యన్ చెప్పిన విలాసమే. ఆ డబ్బులో కొంత ఒక మంచి లెన్సు మీద పెట్టి, మరికొంతతో బస్సెక్కి సొంత ఊరికి వచ్చి, అవ్వాతాతల ముఖాలు, ఊరి రచ్చబండ, ఎండిన చెరువు, నిండిన చెరువు తీసి పెట్టండి. నూట డెబ్భై ఏళ్ళ క్రితం హంపీని తీసినాయన మనకు ఇచ్చి వెళ్ళినదీ అటువంటి రికార్డే. రేపటివారు మీ ఫోటోలో వెతికేది ఫ్రేము కొలతను కాదు, అందులో ఉన్న మనిషిని, ఆ చోటును.