అరవై దాటాక బి.పి. సహజమేనా?



"అరవై దాటాక బి.పి. కాస్త ఎక్కువే ఉంటుందండీ, అది సహజం" అన్న మాట మన సభ్యుల నోట తరచు వింటుంటాను. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని కొన్ని పుస్తకాలు తిరగేశాను. ఒకప్పుడు పేరుమోసిన డాక్టర్లు నమ్మిన మాటే ఇది!

రక్తపోటును మొదట కొలిచి చూపినవాడు వైద్యుడు కాడు. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతగురువు. గుర్రం ధమనిలోకి సన్నని గొట్టం దూర్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలిస్తే రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబాకింది. ఈ సంగతి ఆయన 1733లో ప్రచురించాడు. మనుషులకు ఈ పద్ధతి పనికిరాదు గదా! 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం ఎత్తు చూసే సాధనం చేశాడు. దానితో పై అంకె తెలిసేది. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్, పట్టీకి దిగువన స్టెతస్కోపు ఆనించి, గాలి వదులుతుంటే చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వినమన్నాడు. దాంతో కింది అంకె కూడా చేతికి వచ్చింది.

కొలవడమైతే వచ్చింది గాని, ఆ అంకెతో ఏం చేయాలో తెలియలేదు. నాళాలు గట్టిపడినప్పుడు రక్తాన్ని నెట్టడానికి పోటు పెరగక తప్పదనీ, దాని జోలికి పోవడం మంచిది కాదనీ చాలామంది అనుకున్నారు. అమెరికాలో ప్రసిద్ధ హృద్రోగ నిపుణుడు పాల్ వైట్ 1931 నాటి తన గ్రంథంలో ఇంచుమించు ఇదే రాశాడు.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంగతి చూడండి. ఆయన బి.పి. 1935లో 136/78. 1937లో 162/98. 1941లో 188/105. లెక్కల పద్దులు చూసి బతికినవాణ్ణి కాబట్టి, ఈ మూడు అంకెలు వరసగా చూడగానే నాకు గుండె ఝల్లుమంది. ఆయన సొంత వైద్యుడు మాత్రం ఆ వయసుకు అది మామూలేనన్న ధోరణిలో ఉండిపోయాడు. 1944 మార్చిలో హృద్రోగ వైద్యుడు బ్రూయెన్ పరీక్షించేసరికి గుండె అప్పటికే పెద్దదై నీరసించింది. 1945 ఏప్రిల్ 12న, తలనొప్పి అంటూనే రూజ్‌వెల్ట్ ఒరిగిపోయాడు. అప్పటి కొలత 300/190. మెదడులో రక్తనాళం చిట్లింది. వయసు 63, మనలో చాలామందికన్నా చిన్నవాడు. న్యాయంగా చెప్పాలంటే, అప్పటికి సరైన మందు కూడా లేదు. మన సర్పగంధ వేరుతో బి.పి. తగ్గుతుందని బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ బ్రిటిష్ పత్రికలో రాసి ప్రపంచం దృష్టికి తెచ్చింది 1949లో.

1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే పని మొదలైంది. పోటు ఎక్కువున్నవారికే గుండెజబ్బు, పక్షవాతం ఎక్కువని అక్కడ తేలింది. అయినా ముసలివాళ్లకు మందు వాడవచ్చునా అన్న సందేహం పోలేదు. అరవై దాటి, పై అంకె మాత్రమే ఎక్కువున్నవారికి మందులిచ్చి చూస్తే పక్షవాతం 36 శాతం తగ్గిందని 1991లో వెల్లడైంది. ఎనభై దాటినవారికీ మేలేనని 2008లో మరో పరిశోధన చెప్పింది. అంటే మన వయసువాళ్ల సంగతి తేలి ఎంతో కాలం కాలేదన్నమాట!

బి.పి. చాలామందిలో ఏ బాధా పెట్టదు. తల తిరగలేదు గనుక బాగానే ఉన్నాననుకోవడానికి వీల్లేదు. చూపించుకునే ముందు అరగంటపాటు కాఫీ, పొగ వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేట్లు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచాలి. మాట్లాడకూడదు (మనవాళ్లకు ఇదే కష్టం). రెండుసార్లు చూడమనండి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవారు నిలబడ్డప్పుడు కూడా చూపించుకోవాలి. అంకెలను తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసి, డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. బాగుందని మందు మాత్రం సొంతంగా మానేయకండి.