ఎండలో పుట్టే పెరాక్సైడ్

గాయం మీద పోస్తే బుస్సున నురగలొచ్చే మందు గుర్తుందా? అదే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఫ్రాన్సులో థెనార్ అనే ఆయన 1818లో దీన్ని మొదటిసారి తయారుచేశాడు. కాగితం గుజ్జునీ, నూలు బట్టనీ తెల్లబరచడానికి ఇప్పుడు టన్నులకొద్దీ వాడతారు. పనయ్యాక మిగిలేది నీళ్ళూ, ఆక్సిజనే. తయారీ మాత్రం అంత శుభ్రంగా ఉండదు. చిక్కల్లా అక్కడే.

దీన్ని వెలుగుతో చెయ్యడం కొత్త ఆలోచనేం కాదు. 1927లోనే బావర్, నాయ్‌వైలర్ అనే ఇద్దరు, జింక్ ఆక్సైడ్ పొడి కలిపిన నీళ్ళలో వెలుగు పడితే పెరాక్సైడ్ పుడుతోందని చూపించారు. వెలుగు పొడిలోని ఎలక్ట్రాన్‌ని లేపుతుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ దాన్ని అందుకుంటుంది. దానికి హైడ్రోజన్ అయాన్లు జతకూడితే పెరాక్సైడ్ తయారు. కాకపోతే ఓ తిరకాసుంది. తయారైన పెరాక్సైడ్‌ని ఆ వెలుగూ, ఆ పొడే మళ్ళీ విరగ్గొడతాయి. డెమోలో నడిచింది ప్రొడక్షన్‌లో నడవకపోవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకే కాదన్నమాట!

ఈలోగా 1930లలో జర్మనీలో ఆంత్రాక్వినోన్ పద్ధతి వచ్చింది. ఈనాటికీ ఎక్కువ సరుకు దాంతోనే వస్తోంది. దానికి సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్, పల్లాడియం, రకరకాల ద్రావకాలు కావాలి. పెద్ద ఫ్యాక్టరీ అయితేనే గిట్టుబాటు. కాబట్టి ఒకచోట చేసి, గాఢత పెంచి, ట్యాంకర్లలో పంపాలి. ఈ గాఢతతో చెలగాటం కుదరదు. వి-2 రాకెట్ పంపుల్ని తిప్పింది గాఢమైన పెరాక్సైడే. 2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్స్క్ మునిగి 118 మంది పోయారు. టార్పెడోలోంచి కారిన పెరాక్సైడే మూలమని దర్యాప్తులో తేలింది. ట్యాంకర్లలో వెళ్ళేది అంత ఘాటుది కాదులెండి, అయినా జాగ్రత్త తప్పదు.

ఇంతకీ ఎండ సంగతేమయింది? 2019లో జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీలో షిరాయిషి బృందం రిసార్సినాల్-ఫార్మాల్డిహైడ్ రెజిన్ పొడితో, కేవలం నీళ్ళూ ఆక్సిజనూ వాడి పెరాక్సైడ్ చేసింది. ఎండలోని శక్తిలో 0.5 శాతం అందులోకి చేరింది. ఇంతేనా అని నవ్వకండి, మామూలు మొక్కలు దాచుకునేది 0.1 శాతం దరిదాపుల్లోనే.

ఫ్యాక్టరీతో టన్ను ధరలో పోటీపెడితే ఎండ ఓడిపోతుంది, నిజమే. కానీ గాయం కడగడానికి 3 శాతం ద్రావణం చాలు. దూరంగా గాఢంగా చేసి, మోసుకొచ్చి, మళ్ళీ నీళ్ళు కలుపుతున్నాం! ట్యాంకర్ వెళ్ళలేని ఊళ్ళో, ఆసుపత్రి డాబా మీద రోజుకి కొన్ని లీటర్లు వస్తాయా? నన్నడిగితే ఈ పరిశోధనకి పెట్టాల్సిన పరీక్ష అదీ.